మీ ప్రశ్నలు – డాక్టర్ జవాబులు: ఈసీజీ చదవడం అసలు ఎలా వస్తుంది?

పోయిన నెల ఛాతీ నొప్పి గురించి రాశాక వచ్చిన మెయిల్స్‌లో ఈసీజీ (గుండెలో పుట్టే కరెంటుని కాగితం మీద గీసే పరీక్ష) మీదే చాలా ఉన్నాయి. మామూలు పాఠకుల కంటే మెడికల్ స్టూడెంట్లు, హౌస్ సర్జన్లు, పాఠాలు చెప్పేవాళ్ళు ఎక్కువ రాశారు, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. డాక్టర్లు కాని వాళ్ళకి పనికొచ్చేది చివర్లో ఉంది, కానీ మొదటి నుంచి చదివినా నష్టమేం లేదు, మీ ఇంట్లో ఎవరికో ఒకరికి ఈ కాగితం తీయించకుండా ఎలాగూ ఉండరు కదా.

ప్రశ్న: సార్, నేను గవర్నమెంట్ హాస్పిటల్‌లో హౌస్ సర్జన్‌ని. ఫైనల్ ఇయర్ ప్రాక్టికల్స్‌లో ఈసీజీ స్పాటర్లన్నీ (స్ట్రిప్ చూసి జబ్బు పేరు రాసే ప్రశ్నలు) కరెక్ట్‌గానే రాశాను, మార్కులూ బాగా వచ్చాయి. ఇప్పుడు క్యాజువాలిటీలో నైట్ డ్యూటీలో సిస్టర్ గారు స్ట్రిప్ తెచ్చి చేతిలో పెట్టి "డాక్టర్ గారూ చూడండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు, భయమేస్తోంది. పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదవాలా? – ఒక హౌస్ సర్జన్, కాకినాడ

జవాబు: పుస్తకం పక్కన పెట్టమ్మా. నీకు చదువు తక్కువై కాదు, నీకు నేర్పిన పద్ధతే అలాంటిది. ముందు ఒక విషయం చెప్తా, కాస్త ధైర్యం వస్తుంది. 2020లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే పత్రికలో ఒక పెద్ద రివ్యూ వచ్చింది, 78 స్టడీలు కలిపి చూశారు, డాక్టర్లు ఈసీజీ ఎంత కరెక్ట్‌గా చదువుతున్నారని. మెడికల్ స్టూడెంట్లు నూటికి 42, రెసిడెంట్లు 56 దాకా, ప్రాక్టీస్‌లో ఉన్న డాక్టర్లు 69 దాకా, కార్డియాలజిస్టులు 75. అంటే టెస్ట్ పెడితే గుండె డాక్టర్లకే నాలుగింట ఒకటి తప్పుతోంది! ఈ ఇబ్బంది నీ ఒక్కదానిదీ కాదు, మన ఒక్క దేశానిదీ కాదు.

ఇక అసలు సంగతి. క్లాసులో మనం ఎలా చెప్తాం? ఇవాళ ఎంఐ (గుండెపోటు) క్లాసు, పది ఎంఐ ఈసీజీలు చూపిస్తాం. వచ్చే వారం హార్ట్ బ్లాకులు (గుండెలో కరెంటు దారికి అడ్డంకులు, రక్తనాళాల్లోవి కావు), అన్నీ బ్లాకులే. స్ట్రిప్ చూడకముందే జవాబు సగం తెలిసిపోయింది. లెక్కలు నేర్చుకునే పిల్లాడికి పైన "కూడికలు" అని రాసున్న పేజీ ఇస్తే అన్నీ కూడేస్తాడు, కూడికలూ తీసివేతలూ కలిపేసి ఇచ్చినప్పుడే వాడికి వచ్చో రాదో తెలిసేది, ఇదీ అంతే. కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 2003లో దీన్ని పరీక్షించి చూశారు, స్టూడెంట్లలో కొందరికి ఒక్కో జబ్బు ఈసీజీలు విడివిడిగా, కొందరికి అన్నీ కలిపేసి ప్రాక్టీస్ ఇచ్చారు, తర్వాత ఎప్పుడూ చూడని కొత్త ఈసీజీలు ఇస్తే కలిపి ప్రాక్టీస్ చేసినవాళ్ళే బాగా చెప్పారు. క్యాజువాలిటీలో ఏ స్ట్రిప్ మీదా చాప్టర్ పేరు ఉండదు కదా, నీ భయం అక్కడి నుంచే వస్తోంది.

కాబట్టి నువ్వు చేయాల్సింది, రోజూ వార్డులో కేస్ షీట్లలో ఉన్న ఈసీజీలు ఏవి దొరికితే అవి తీసుకో, నార్మల్‌వి కూడా వదలొద్దు, నార్మల్ ఎన్ని రకాలుగా ఉంటుందో తెలియకపోతే అబ్నార్మల్ ఎప్పటికీ తెలియదు. డయాగ్నోసిస్ చూడకుండా, మెషిన్ పైన ప్రింట్ చేసిన ఇంగ్లిష్ లైన్లని మడిచేసి, నీ రీడింగ్ నోట్‌బుక్‌లో రాయి. తప్పనిసరిగా రాయాలి, మనసులో అనుకుంటే తర్వాత "నేనూ అదే అనుకున్నాలే" అనిపిస్తుంది. రాశాక మెడిసిన్ పీజీ అన్ననో అక్కనో అడిగి సరిచూసుకో, లేదా కేస్ షీట్‌లో ట్రోపోనిన్ (గుండెకి దెబ్బ తగిలిందో చెప్పే రక్త పరీక్ష), ఎకో, యాంజియో ఏమొచ్చాయో చూడు. ఆ సరిచూసుకోవడం లేకపోతే వెయ్యి ఈసీజీలు చూసినా తప్పులే గట్టిపడతాయి.

చదివే వరుస మాత్రం మార్చొద్దు. ఒక కేసు తీసుకుని చూద్దాం. యాభై ఐదేళ్ళాయన, దవడ లాగుతోందన్నాడు, చెమటలు పట్టాయి. స్ట్రిప్ చేతికి రాగానే పేరు, టైమ్, స్పీడ్ 25, వోల్టేజ్ 10 అని ఉందా లేదా చూడు. చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2. రెండు ఆర్ వేవుల (ఎత్తుగా లేచే మొనల) మధ్య ఐదున్నర పెద్ద గళ్ళున్నాయి, 300ని దాంతో భాగిస్తే 55 వస్తుంది, రేటు కొంచెం తక్కువే. ప్రతి క్యూఆర్ఎస్ (గుండె కింది గదుల గీత) ముందు పీ (పై గదుల చిన్న అల) ఉంది, పీఆర్ (పీ మొదలు నుంచి క్యూఆర్ఎస్ మొదలు దాకా) ఆరు చిన్న గళ్ళు అంటే 0.24, ఐదు గళ్ళు దాటింది కాబట్టి ఫస్ట్ డిగ్రీ బ్లాక్. క్యూఆర్ఎస్ రెండు గళ్ళే, సన్నగా ఉంది. ఇప్పుడు ఎస్టీ (క్యూఆర్ఎస్ తర్వాత వచ్చే గీత), గుండెని కింది నుంచి చూసే లీడ్ 2, లీడ్ 3, ఏవీఎఫ్‌లో లేచింది, 2లో కంటే 3లో ఎక్కువ లేచింది. అక్కడ ఆగిపోకు, ఎదురుగా ఏవీఎల్ చూడు, అక్కడ ఎస్టీ కిందకి దిగింది. ఇన్ఫీరియర్ ఎంఐ (గుండె కింది వైపు గుండెపోటు), కుడి కరోనరీ రక్తనాళం మూసుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ, రేటు తగ్గడానికీ పీఆర్ సాగడానికీ కారణం కూడా అదే అయ్యుండొచ్చు. వెంటనే వీ4 (ఛాతీ లీడ్లలో నాలుగోది) బల్బు తీసి ఛాతీకి కుడివైపు అదే చోట పెట్టించి ఇంకో స్ట్రిప్ తీయించు, అక్కడ అర మిల్లీమీటర్ లేచినా కుడి వెంట్రికల్‌కీ (కింది గదికీ) దెబ్బ తగిలిందని అనుమానించాలి, అలాంటి పేషెంట్‌కి నైట్రేట్ (రక్తనాళాలు వెడల్పు చేసే మందు) ఇస్తే బీపీ పడిపోవచ్చు. చూశావా, ఒక్క కాగితం ఎంత పని చెప్పిందో! ఇదంతా వరుసగా వెళ్తేనే దొరికింది, చూడగానే "ఎంఐ" అనేసి వదిలేస్తే పీఆర్ పోయేది, ఆ నైట్రేట్ సంగతీ పోయేది.

ఇంకో మాట, డౌట్ ఉంటే సీనియర్‌కి ఫోన్ చెయ్, రాత్రి రెండైనా సరే. ఫోన్‌లో "సార్ ఏదో తేడాగా ఉంది" అనకుండా నువ్వు రాసుకున్న వరుసే చదివి వినిపించు, ఆయనకి అర్థమవుతుంది, నీకూ మర్చిపోకుండా ఉంటుంది.

ప్రశ్న: నమస్తే సార్. ప్రైవేట్ మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని, బ్యాచ్‌కి 150 మంది. సీబీఎంఈ (స్కిల్స్ వచ్చాయో లేదో చూసే కొత్త ఎంబీబీఎస్ సిలబస్) వచ్చాక ఈసీజీ స్కిల్ సర్టిఫై చేయమంటున్నారు, లాగ్ బుక్‌లో సంతకాలైతే పెట్టేస్తున్నాం కానీ నిజంగా వచ్చిందో లేదో నాకే నమ్మకం లేదు. స్పాటర్లు పెడితే సీనియర్ల దగ్గర నుంచి ఫోటోలు ముందే తిరిగిపోతాయి. ఎలా పరీక్షించాలి? – వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మేడమ్, ఇంత నిజాయితీగా అడిగినందుకు సంతోషం. 2019 బ్యాచ్ నుంచి వచ్చిన సీబీఎంఈలో ఫిజియాలజీలోనే ఈసీజీ రికార్డ్ చేయడం ఉంది, మెడిసిన్‌కి వచ్చేసరికి తీయడమూ చదవడమూ రెండూ రావాలని ఉంది. కాగితం మీద అంతా బాగుంది. చిక్కల్లా మనం పరీక్షించే తీరులోనే ఉంది. స్పాటర్ అంటే ఏంటి, అందరికీ తెలిసిన, కళ్ళకి కొట్టొచ్చినట్టుండే ఒక స్ట్రిప్, కింద "డయాగ్నోసిస్ ఏమిటి" అని ఒక లైను. అది గుర్తుపట్టడానికి పరీక్ష, చదవడానికి కాదు. ఎంసీక్యూ ఇంకా ఘోరం, నాలుగు ఆప్షన్లలో జవాబు అక్కడే ఉంటుంది, క్యాజువాలిటీలో ఆప్షన్లు ఎవరిస్తారు?

ముందు మీ సొంత బ్యాంక్ తయారు చేసుకోండి. మీ హాస్పిటల్‌లోనే రోజూ ఎన్ని తీస్తారో మీకు తెలుసు, పేరూ ఐపీ నంబరూ కనపడకుండా తీసేసి, హాస్పిటల్ రూల్స్ ప్రకారం పర్మిషన్ తీసుకుని, ఫైనల్ డయాగ్నోసిస్ పక్కా అయినవే పెట్టండి, అంటే యాంజియోలో చూసిన బ్లాకు, ల్యాబ్‌లో వచ్చిన పొటాషియం, ఇలా. జవాబు కీ ఒక్కరే రాయొద్దు, ఇద్దరు విడివిడిగా చదివి ఇద్దరూ ఒప్పుకున్నవే పరీక్షకి వాడండి, ఎందుకంటే పెద్దవాళ్ళకే ఒక్కోసారి కుదరదు, స్టూడెంట్‌ని ఎలా ఫెయిల్ చేస్తాం? ఇంకా కావాలంటే ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో పీటీబీ-ఎక్స్ఎల్ అని 21 వేల పైచిలుకు 12 లీడ్ ఈసీజీలు ఫ్రీగా ఉన్నాయి, జర్మనీలో రికార్డ్ చేసినవి, ఒక్కోటి 10 సెకన్లు. అన్ని ఉంటే ఫోటోలు తిరిగినా భయం లేదు, ఎన్నని బట్టీ పడతారు!

పరీక్షలో నార్మల్ ఈసీజీలు కచ్చితంగా పెట్టండి, ఇది మాత్రం చాలా కాలేజీల్లో చేయరు. అన్నీ జబ్బువే పెడితే పిల్లలు ప్రతి స్ట్రిప్‌లో ఏదో ఒకటి వెతికి పట్టుకోవడం అలవాటు చేసుకుంటారు, రేపు డ్యూటీలో నార్మల్ మనిషిని ఐసీయూలో పడేస్తారు. కొన్ని హిస్టరీతో ఇవ్వండి, కొన్ని హిస్టరీ లేకుండా. మెక్‌మాస్టర్ వాళ్ళదే ఇంకో స్టడీ ఉంది 1999లో, హిస్టరీ జబ్బు వైపు దారి చూపిస్తే కరెక్ట్ జవాబులు పెరిగాయి, తప్పుదారి పట్టించేలా ఉంటే తగ్గాయి, అనుభవం ఉన్నవాళ్ళు కూడా దీనికి అతీతం కాదు. కాబట్టి హిస్టరీ లేకుండా ఇస్తే కాగితాన్ని కాగితంగా చదవడం వచ్చో రాదో తెలుస్తుంది, ఉంటే ఆ రెండిటినీ కలిపి ఆలోచించగలరో లేదో తెలుస్తుంది, మనకి రెండూ కావాలి.

మార్కుల దగ్గరికొద్దాం. ఓఎస్సీఈ (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి చూసే ప్రాక్టికల్ పరీక్ష) స్టేషన్ ఒకటి ఇలా పెట్టుకోవచ్చు. డయాలిసిస్ రెండుసార్లు ఎగ్గొట్టిన పేషెంట్, ఒళ్ళంతా నీరసం అని వచ్చాడు, స్ట్రిప్‌లో టీ వేవులు గుడారాల్లా పైకి లేచి మొనదేలి ఉన్నాయి, పీ దాదాపు కనపడట్లేదు, క్యూఆర్ఎస్ వెడల్పయింది. పది మార్కులు. రేటు, రిథమ్‌కి రెండు, కనపడినవి రాసినందుకు మూడు, హైపర్‌కెలీమియా (రక్తంలో పొటాషియం పెరగడం) అన్నందుకు రెండు, మిగిలిన మూడు మాత్రం "ఇప్పుడు ముందు ఏం చేస్తావ్" అన్నదానికి. కాల్షియం గ్లూకోనేట్ అని రాయాలి, పొటాషియం రిపోర్ట్ కోసం ఎదురుచూస్తా అంటే ఆ మూడూ పోయినట్టే. టీలు పెద్దగా ఉన్నాయి కాబట్టి ఎంఐ, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తా అని రాస్తే, మిగతా అన్నిట్లో మార్కులొచ్చినా ఆ స్టేషన్ ఫెయిల్ చేయండి, నా అభిప్రాయం అయితే అదే. కొంచెం కఠినంగా అనిపిస్తుంది కానీ కొన్ని ఈసీజీలు మిస్ అవ్వకూడదంతే: ఎస్టీ లేచిన ఎంఐ, వీటీ (కింది గదులు ప్రమాదకరంగా వేగంగా కొట్టుకోవడం), కంప్లీట్ హార్ట్ బ్లాక్, హైపర్‌కెలీమియా, బాగా సాగిపోయిన క్యూటీ (క్యూఆర్ఎస్ మొదలు నుంచి టీ చివరి దాకా). బండిల్ బ్రాంచ్ బ్లాక్ పక్కన ఇంకా ఏదో చిన్న తేడా మిస్ అయితే అర మార్కు తీసేయండి, ఈ ఐదు మిస్ అయితే మళ్ళీ రాయించండి. అన్ని ఈసీజీలకీ సమానంగా మార్కులు పంచే పద్ధతి మీద నాకసలు నమ్మకం లేదు.

లెక్చర్లు ఎక్కువ పెట్టాలా, స్మాల్ గ్రూపులా, పీజీలతో చెప్పించాలా అని తలలు పట్టుకుంటాం మనం. జర్మనీలో గాటింగెన్ యూనివర్సిటీ వాళ్ళు ఈసీజీ మీదే ఇది చూశారు, ఫలితం చాలామంది టీచర్లకి నచ్చదు, ఏ పద్ధతిలో చెప్పారన్న దానికంటే ఆ పరీక్ష మార్కులు ఫైనల్‌లో కలుస్తాయా లేదా అన్నదే పిల్లలు నేర్చుకోవడాన్ని ఎక్కువ మార్చింది. కాబట్టి మీకున్న టైమ్‌లో కొత్త పవర్‌పాయింట్లు చేయడం కంటే ఇంటర్నల్స్‌లో ఈసీజీకి నిజమైన మార్కులు పెట్టించండి, పై వాళ్ళతో కొట్లాడైనా సరే. ఒక్కసారి పెట్టి వదిలేయకండి కూడా, ఈ స్కిల్ వాడకపోతే నెలల్లోనే జారిపోతుంది, మెడిసిన్ పోస్టింగ్‌లో ఒకసారి, ఫైనల్‌కి ముందు ఒకసారి, ఇంటర్న్‌షిప్‌లో క్యాజువాలిటీకి వెళ్ళే మొదటి రోజు ఒకసారి. లాగ్ బుక్ సంతకం ఆ మూడోదాని తర్వాత పెట్టండి.

ప్రశ్న: మా పీహెచ్‌సీకి కొత్త ఈసీజీ మెషిన్ ఇచ్చారు, పైనే డయాగ్నోసిస్ ప్రింట్ అవుతోంది. దాన్ని నమ్మొచ్చా? – మెడికల్ ఆఫీసర్, పార్వతీపురం ప్రాంతం

జవాబు: రేటు, ఇంటర్వల్స్ కొలవడంలో మెషిన్ బాగానే చేస్తుంది, అవి వాడుకోండి, ఒకసారి కళ్ళతో సరిచూసి. రిథమ్ దగ్గర జాగ్రత్త, చేతులు వణికే పెద్దాయన స్ట్రిప్‌ని ఏఎఫ్ (పై గదులు లయ తప్పి కొట్టుకోవడం) అనేస్తుంది, పేస్‌మేకర్ ఉంటే ఇంకా తికమకపడుతుంది. "నార్మల్" అని ప్రింట్ అయిందని ఛాతీ నొప్పి పేషెంట్‌ని పంపేయొద్దు సార్, దయచేసి. మెషిన్ తప్పు చెప్పినప్పుడు అది ముందే చదివిన డాక్టర్ కూడా ఆ తప్పు వైపే వెళ్తాడని స్టడీల్లో తేలింది, కాబట్టి ముందు మీరు చదివి, ఆ తర్వాత పై లైన్లు చూడండి. మీ దగ్గర ట్రైనింగ్‌కి వచ్చే ఇంటర్న్‌లకి కూడా ఈ అలవాటు చేయండి. పెద్ద హాస్పిటల్‌లో ఉన్న కార్డియాలజిస్ట్‌కి పంపే ఏర్పాటు మీ జిల్లాలో ఉంటే ఫోటో నీడ పడకుండా, 12 లీడ్లూ కనపడేలా, కాగితం చదునుగా పెట్టి తీయండి. పంపేటప్పుడు నొప్పి ఎప్పుడు మొదలైందో టైమ్ కూడా రాయండి.

ప్రశ్న: నేను ఈసీజీ టెక్నీషియన్‌ని సార్, ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నా. కొత్తగా వచ్చే ఇంటర్న్ డాక్టర్లకి, నర్సింగ్ స్టూడెంట్లకి లీడ్లు పెట్టడం నేనే చూపిస్తా కానీ పరీక్షల్లో దీన్ని ఎవరూ అడగరు. ఇది ముఖ్యం కాదా? – గుంటూరు

జవాబు: అన్నా, ముఖ్యమా అని అడుగుతున్నారా! లీడ్ తప్పుగా పెట్టిన ఈసీజీని ఎంత గొప్ప ప్రొఫెసర్ చదివినా తప్పే చదువుతాడు. ఈసీజీకి నోబెల్ తెచ్చుకున్న ఐంథోవెన్ 1900ల మొదట్లో నెదర్లాండ్స్‌లో చేసిన మెషిన్‌కి మనుషులు ఉప్పునీళ్ళ తొట్లలో చేతులూ కాలూ ముంచి కూర్చునేవాళ్ళు, అప్పుడు మూడే లీడ్లు, ఎడమ కుడి తారుమారయ్యే ప్రమాదం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఛాతీ లీడ్లు 1930ల్లో వచ్చాక ఇంకా పెరిగింది.

మీరు నేర్పించేటప్పుడు వీ1, వీ2 మీద ఎక్కువ టైమ్ పెట్టండి, చాలామంది ఇవి పైకి పెట్టేస్తారు, కాలర్ బోన్ కింద ఎక్కడో. మెడ కింద గుంట నుంచి వేలు కిందకి జారిస్తే ఎముక మీద ఒక గట్టు తగులుతుంది, దాని పక్కనే రెండో పక్కటెముక, అక్కడి నుంచి దిగుతూ నాలుగో సందు, ఎముక అంచుకి కుడి పక్క వీ1, ఎడమ పక్క వీ2. పైకి పెడితే లేని పాత గుండెపోటు ఉన్నట్టు, లేని బ్లాకు ఉన్నట్టు కనపడుతుంది. వీ4 ఐదో సందులో, కాలర్ బోన్ మధ్య నుంచి గీత గీస్తే వచ్చే చోట. ఆడవాళ్ళకి సిగ్గుతో ఇద్దరూ ఇబ్బంది పడి రొమ్ము మీదే బల్బు పెట్టేస్తుంటారు, కిందే పెట్టాలి, ముందే చెప్పి, స్క్రీన్ వేసి, పక్కన సిస్టర్‌ని ఉంచుకుని. చేతుల క్లిప్పులు ఎరుపు కుడికి, పసుపు ఎడమకి, ఇవి మారితే లీడ్ 1 మొత్తం తలకిందులై ఏవీఆర్ నిటారుగా లేస్తుంది, ఆ రెండూ కలిసి కనపడితే జబ్బు పేరు వెతకడానికి ముందు వైర్లు చూడమని చెప్పండి.

పరీక్ష విషయం, పైన వరంగల్ మేడమ్‌కి చెప్పినదానికి ఇది కూడా కలుపుతా. ఓఎస్సీఈలో ఒక స్టేషన్ మనిషి మీద లీడ్లు పెట్టడానికే ఉండాలి, ఇంకో స్టేషన్‌లో కావాలనే చేతి క్లిప్పులు మార్చి తీసిన స్ట్రిప్ ఇవ్వాలి. మొదటి స్టేషన్‌లో మార్కులు వేసేది మీలాంటి టెక్నీషియన్ ఉంటే బాగుంటుంది, ఎందుకంటే మీకు కనపడే తప్పులు చాలామంది ప్రొఫెసర్లకి కనపడవు.

ప్రశ్న: మా అమ్మాయి జార్జియాలో ఎంబీబీఎస్ చదువుతోంది, యాప్‌లో ఈసీజీ నేర్చుకుంటున్నా అంటోంది. సరిపోతుందా? – కరీంనగర్

జవాబు: మొదలుపెట్టడానికి మంచిదేనండీ, అన్నీ కలిపేసి ఇచ్చే క్విజ్‌లున్న యాప్ అయితే ఇంకా మంచిది. ఎఫ్‌ఎంజీఈకీ (విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్ళు ఇక్కడ రాసే పరీక్ష) పనికొస్తుంది. కాకపోతే స్క్రీన్ మీద శుభ్రంగా ఉండే స్ట్రిప్ వేరు, చెమట పట్టి కదులుతున్న పేషెంట్ మీద తీసిన స్ట్రిప్ వేరు. సెలవులకి ఇంటికి వచ్చినప్పుడు తెలిసిన డాక్టర్ గారి అనుమతితో రెండు వారాలు హాస్పిటల్‌లో ఈసీజీ రూమ్‌లో కూర్చోబెట్టండి, తనే లీడ్లు పెట్టి, తనే చదివి, డాక్టర్ గారికి చూపించుకునేలా.

ప్రశ్న: మా నాన్నగారికి గుండెల్లో మంటగా ఉందంటే దగ్గర్లో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాం, ఈసీజీ నార్మల్ అని గ్యాస్ మాత్ర ఇచ్చి పంపారు. తెల్లవారుజామున పెద్ద గుండెపోటు వచ్చింది, దేవుడి దయవల్ల బతికారు. ఆ డాక్టర్‌కి ఈసీజీ చదవడం రాదనుకోవాలా? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: నాన్నగారు బయటపడినందుకు చాలా సంతోషం. ఆ కాగితం చూడకుండా ఆ డాక్టర్ గురించి నేనేమీ చెప్పలేను. మొదటి ఈసీజీ నిజంగానే నార్మల్ అయ్యుండొచ్చు, గుండెపోటు మొదలైన కొత్తలో అలా ఉండటం అరుదేం కాదు. కానీ నార్మల్ వచ్చాక చేయాల్సిన పని ఒకటుంది, నొప్పి తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్ళీ తీయాలి, ట్రోపోనిన్ రక్త పరీక్ష చేయాలి, మొదటిది మామూలుగా ఉంటే కొన్ని గంటలాగి మళ్ళీ చేయాలి. ఒక్క స్ట్రిప్‌తో ఇంటికి పంపడం సరి కాదు. మన పరీక్షల్లో కూడా ఎప్పుడూ ఒక్క స్ట్రిప్ చూపించి జవాబు అడుగుతాం, అరగంట తేడాతో తీసిన రెండు పక్కపక్కన పెట్టి "ఏం మారింది" అని అడిగేవాళ్ళు తక్కువ, అందుకే మళ్ళీ తీయాలన్న ఆలోచన చాలామంది కుర్ర డాక్టర్లకి రాదు. ఇది చదివే టీచర్లు ఒక్క ప్రశ్నైనా అలా పెట్టండి.

మీరు మాత్రం నాన్నగారి ఈసీజీలన్నీ, ఆ నార్మల్ అన్నది కూడా, తేదీ రాసి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం కొన్నాళ్ళకి వెలిసిపోతుంది, అందుకే జిరాక్స్ కూడా తీయించి ఫైల్‌లో పెట్టండి. ఇక నుంచి ఆయనకి ఎప్పుడు ఛాతీలో తేడాగా అనిపించినా 108కి ఫోన్ చేయండి, హాస్పిటల్‌కి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టర్ చూడాలి, ఆలస్యమైతే మొహమాటపడకుండా అడగండి, పాత కాగితం కొత్త కాగితం పక్కన పెట్టి చూడమని చెప్పండి.